దొర్లే సిలిండర్‌కి ఘర్షణ = మ్యూ × ఎన్ అని పెడితే జవాబు ఎందుకు తప్పుతోంది? ఫస్టియర్ మెకానిక్స్ ఎలా చదవాలి?

మెకానికల్_ఫస్టియర్:

అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ అయ్యి బీటెక్ మెకానికల్‌లో చేరాను. ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో ఈ లెక్క దగ్గర ఆగిపోయాను.

3 కిలోల ఘన సిలిండర్, వ్యాసార్థం 10 సెం.మీ. 30 డిగ్రీల వాలుతలం మీద జారకుండా దొర్లుతూ దిగుతోంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.4. త్వరణం ఎంత?

నేను చేసింది ఇది. వాలు వెంట బరువు అంశం 3 × 9.8 × 0.5 = 14.7 న్యూటన్లు. అభిలంబ బలం 3 × 9.8 × 0.866 = 25.46. ఘర్షణ = మ్యూ (ఘర్షణ గుణకం) × ఎన్ (అభిలంబ బలం) = 0.4 × 25.46 = 10.18. మిగిలింది 4.52, దాన్ని 3తో భాగిస్తే త్వరణం సుమారు 1.5 మీ/సె². పుస్తకంలో జవాబు 3.27. ఘర్షణ గుణకం ఇచ్చారు కదా, వాడితే తప్పెలా అయింది?

ఇంకో సంగతి. చేసి చూపించిన లెక్కలు చదివితే అన్నీ అర్థమవుతాయి. అదే రకం లెక్కలో ఒక్క మాట మార్చి ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఫార్ములాలు అన్నీ నోటికి వచ్చు. చదివే పద్ధతిలో ఏం మార్చుకోవాలో కూడా చెప్పండి.

నల్లబల్ల:

మ్యూ × ఎన్ అనేది స్థైతిక ఘర్షణ విలువ కాదు, దాని గరిష్ఠ పరిమితి. వస్తువు జారకుండా ఉండటానికి ఎంత అవసరమో అంతే ఘర్షణ పుడుతుంది. ఆ అవసరం మ్యూ × ఎన్ దాటినప్పుడే జారుడు మొదలవుతుంది.

ముందు దొర్లుడు పక్కన పెట్టి చిన్న లెక్క చూడండి. 5 కిలోల దిమ్మ 20 డిగ్రీల వాలు మీద కదలకుండా ఉంది, మ్యూ 0.5. కిందికి లాగే బలం 5 × 9.8 × సైన్ 20 = 16.8 న్యూటన్లు. మ్యూ × ఎన్ విలువ 23. ఘర్షణ ఎంత? 16.8. అది 23 అయితే దిమ్మ తనంతట తాను వాలు ఎక్కాలి! ప్రశ్నలో 'జారబోతున్న స్థితిలో ఉంది' అని ఉంటేనో, నిజంగా జారుతుంటేనో తప్ప మ్యూ × ఎన్‌ని ఘర్షణకు సమానం చేయకూడదు. జారుతుంటే అక్కడ వాడాల్సింది గతిక ఘర్షణ గుణకం.

ఇప్పుడు మీ సిలిండర్. ఘర్షణ ఎంతో తెలియదు కాబట్టి దాన్ని అజ్ఞాతంగానే ఉంచండి. త్వరణమూ తెలియదు. రెండు అజ్ఞాతాలకు రెండు సమీకరణాలు కావాలి. మీరు ఒక్కటే రాసి, రెండోదాని స్థానంలో మ్యూ × ఎన్ తెచ్చి పెట్టారు. మొత్తం తేడా అక్కడే.

మొదటిది, వాలు వెంట, కిందికి ధనాత్మకం: 14.7 − ఘర్షణ = 3 × త్వరణం.

రెండోది, కేంద్రం చుట్టూ. బరువు, అభిలంబ బలం రెండూ కేంద్రం గుండా పోతాయి, వాటికి టార్క్ (తిప్పే ప్రభావం) లేదు. తిప్పేది ఘర్షణ ఒక్కటే: ఘర్షణ × వ్యాసార్థం = జడత్వ భ్రామకం (తిరుగుడులో మార్పుని వస్తువు ఎంత ఎదిరిస్తుందో చెప్పేది) × కోణీయ త్వరణం. ఘన సిలిండర్ జడత్వ భ్రామకం ద్రవ్యరాశి × వ్యాసార్థం వర్గంలో సగం.

ఈ రెండింటినీ కలిపేది జారకుండా దొర్లే షరతు: త్వరణం = వ్యాసార్థం × కోణీయ త్వరణం. రెండో సమీకరణంలో పెడితే వ్యాసార్థం ఎగిరిపోయి ఘర్షణ = 1.5 × త్వరణం అని మిగులుతుంది. మొదటిదాంట్లో ప్రతిక్షేపించండి: 14.7 = 4.5 × త్వరణం. త్వరణం 3.27, ఘర్షణ 4.9 న్యూటన్లు.

ఇక ఘర్షణ గుణకం ఎందుకిచ్చారంటే, చివర్లో సరిచూసుకోవడానికి. కావాల్సింది 4.9, దొరకగలిగింది 10.18 వరకు. సరిపోతుంది, కాబట్టి జారదు. ఈ కోణానికి కనీసం 4.9 ÷ 25.46 = 0.19 గుణకం ఉంటే చాలు.

మీ 1.5 తప్పని పుస్తకం చూడకుండానే పట్టుకోవచ్చు. ఘర్షణ 10.18 అనుకుంటే కోణీయ త్వరణం 10.18 ÷ (0.5 × 3 × 0.1) = 67.9 రేడియన్/సె². దాన్ని 0.1 మీటర్‌తో గుణిస్తే 6.8 వస్తుంది. కేంద్రం త్వరణం మాత్రం 1.5. అంటే సిలిండర్ దిగేదానికన్నా వేగంగా గిర్రున తిరుగుతోంది, అడుగు బిందువు వాలు పైకి జారుతోంది. పైకి జారే బిందువు మీద ఘర్షణ కిందికి ఉండాలి కదా, మీరు పైకి గీశారు. మీ జవాబు మీ బొమ్మతోనే పొసగడం లేదు. ఇలా సరిచూడటం ప్రతి దొర్లుడు లెక్కలోనూ అలవాటు చేసుకోండి, అర నిమిషం పట్టదు.

చక్రం_తిప్పు:

నల్లబల్ల గారు చెప్పింది పూర్తిగా సరైనది. దీని వెనకే వచ్చే రెండు చిక్కులు కూడా ఇక్కడే తీర్చేసుకుంటే మేలు.

మొదటిది ఘర్షణ దిశ. 'చలనానికి వ్యతిరేక దిశలో' అని బట్టీ పట్టినవాళ్లు దొర్లుడులో తప్పక దెబ్బతింటారు. ఘర్షణ ఎదిరించేది వస్తువు మొత్తం ప్రయాణాన్ని కాదు, తాకే చోట జరిగే జారుడుని. అందుకని ఒక్క క్షణం ఘర్షణ లేదనుకోండి. అడుగు బిందువు ఎటు జారేదో చూడండి. దానికి ఎదురుదిశే ఘర్షణ దిశ.

సమతలం మీద ఘన సిలిండర్‌ని కేంద్రం దగ్గర ముందుకు లాగారనుకుందాం. ఘర్షణ లేకపోతే అది తిరగకుండా ముందుకు జారుతుంది, అడుగు బిందువూ ముందుకే. కాబట్టి ఘర్షణ వెనక్కి, విలువ లాగిన బలంలో మూడో వంతు. అదే సిలిండర్‌కి తాడు చుట్టి పై అంచు నుంచి లాగండి. ఈసారి తిరుగుడు ఎక్కువైపోయి అడుగు బిందువు వెనక్కి జారబోతుంది. ఘర్షణ ముందుకు! విలువ మళ్లీ మూడో వంతే, త్వరణం మాత్రం 4 × బలం ÷ (3 × ద్రవ్యరాశి). అంటే లాగిన బలం ఒక్కటే ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ. కేంద్రానికి వ్యాసార్థంలో సగం ఎత్తున లాగితే ఘర్షణ అసలు అవసరమే ఉండదు. ఈ మూడూ కాగితం మీద సొంతంగా రాబట్టండి. ఆ తర్వాత సైకిల్ తొక్కి వేగం పెంచేటప్పుడు వెనక చక్రం మీద ఘర్షణ ముందుకు, ముందు చక్రం మీద వెనక్కి ఎందుకుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

దిశ తేలకపోతే ఏదో ఒకటి అనుకుని రాసేయండి. రుణ సంఖ్య వస్తే దిశ రెండోదని అర్థం. కానీ ఈ వెసులుబాటు స్థైతిక ఘర్షణకే. జారుతున్న వస్తువుకి దిశ తప్పుగా గీస్తే సమీకరణం హెచ్చరించదు, తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది.

రెండో చిక్కు శక్తి. దొర్లుతూ దిగే సిలిండర్ మీద ఘర్షణ ఉంది, అయినా యాంత్రిక శక్తి నిత్యత్వం వాడతాం. ఎలా? తాకే బిందువు ఆ క్షణంలో నిశ్చలంగా ఉంటుంది, కాబట్టి ఘర్షణ చేసే మొత్తం పని సున్నా. మీ లెక్కలోనే చూడండి. వాలు వెంట 2 మీటర్లు దిగితే ఎత్తు 1 మీటర్ తగ్గుతుంది, స్థితిశక్తి 29.4 జౌళ్లు తగ్గింది. వేగం వర్గం 2 × 3.27 × 2 = 13.07. రేఖీయ గతిశక్తి 19.6, భ్రమణ గతిశక్తి 9.8, కలిపితే 29.4. ఇప్పుడు ఘర్షణ × దూరం చూడండి: 4.9 × 2 = 9.8. రేఖీయ గతిశక్తిలోంచి ఘర్షణ తీసేసింది సరిగ్గా ఈ 9.8, అదే భ్రమణంలో చేరింది. వేడిగా ఏమీ పోలేదు.

పలక_బలపం:

చదివే పద్ధతి గురించి అడిగారు కదా, దాని గురించి రాస్తాను.

ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. ఒక్కోదానికి సగటున 67 సెకన్లు. ఆ పరీక్షకి తయారైన బుర్ర లెక్క చూడగానే 'ఇది ఏ మోడల్? ఏ ఫార్ములా?' అని వెతుకుతుంది. అక్కడ అది అవసరమే, తప్పేం లేదు. ఇక్కడ లెక్క అడిగేది వేరు: ఏ వస్తువు, దాని మీద ఏయే బలాలు, ఏది తెలియదు, ఎన్ని సమీకరణాలు కావాలి. ఘన సిలిండర్ వాలు దిగితే త్వరణం జి సైన్ థీటాలో (జి అంటే గురుత్వ త్వరణం 9.8, థీటా అంటే వాలు కోణం) మూడింట రెండొంతులని నోటికొచ్చినా, ఆ ఫార్ములా ఎప్పుడు చెల్లదో తెలియకపోతే ఉపయోగం లేదు. కోణం 90 డిగ్రీలు పెట్టి చూడండి: 2జి/3 వస్తుంది. నిలువు గోడకి ఆనించి వదిలిన సిలిండర్ నిజంగా జి త్వరణంతో పడిపోతుంది, ఎందుకంటే అక్కడ అభిలంబ బలం సున్నా, ఘర్షణా సున్నా. 2జి/3 అనేది దారం చుట్టిన సిలిండర్, దారం విప్పుకుంటూ దిగినప్పటి జవాబు. ఫార్ములాని ఇలా అంచుల దాకా నెట్టి చూస్తే దాని హద్దులు బయటపడతాయి.

చేసి చూపించిన లెక్కని చదవడం మానేయండి. ప్రశ్న మాత్రం చదివి జవాబు మీద కాగితం కప్పండి. బొమ్మ గీసి, బలాలు పెట్టి, ఎంతవరకు వెళ్తే అంతవరకు రాయండి. ఆగిపోయాక ఒక్క పంక్తి తీసి చూసి మళ్లీ కప్పేయండి. ఆ పంక్తి మీకు ఎందుకు తట్టలేదో పక్కన ఒక వాక్యం రాసుకోండి: 'తాడు రెండు వైపులా తన్యత సమానం అనుకున్నా', 'త్వరణం మారుతోందని గమనించలేదు', ఇలా. మర్నాడు అదే లెక్కని ఖాళీ కాగితం మీద మొదటి నుంచి చేయండి. ఒక అధ్యాయంలో ఇలా 12, 15 లెక్కలు చేస్తే, వంద లెక్కల జవాబులు చదివినదానికన్నా ఎక్కువ వస్తుంది. ఆ పక్క వాక్యాలను పరీక్ష ముందు తిరగేస్తే మీ తప్పులు నాలుగైదు రకాలే అని కనిపిస్తుంది.

ఫ్రీ బాడీ డయాగ్రం (ఒక వస్తువుని విడిగా గీసి దాని మీది బలాలన్నీ బాణాలుగా చూపే బొమ్మ) దగ్గర ఒక్క నియమం చాలు. ప్రతి బలానికీ 'దీన్ని ఎవరు ప్రయోగిస్తున్నారు?' అని అడగండి. భూమి, తాడు, తలం, స్ప్రింగ్, ఇలా ఒక వస్తువు పేరు రావాలి. పేరు రాకపోతే ఆ బాణం చెరిపేయండి. 'ద్రవ్యరాశి × త్వరణం' అని ఒక బాణం, 'ముందుకు తోసే బలం' అని ఇంకో బాణం గీసేవాళ్లు చాలామంది. అవి బలాలు కావు.

అంకెలు చివరి పంక్తి దాకా పెట్టకండి, అక్షరాలతోనే నడపండి. మీ లెక్కలో వ్యాసార్థం ఎగిరిపోయింది చూశారా? మొదట్లోనే 0.1 పెట్టేస్తే జవాబు సైజు మీద ఆధారపడదన్న సంగతే కనిపించదు. యూనిట్లు సరిచూడటం కూడా అక్షరాలతోనే కుదురుతుంది.

ఇంటర్‌కీ దీనికీ ఉన్న అసలు తేడా కలనగణితం. త్వరణం స్థిరం కాకపోతే ఆ మూడు గతి సమీకరణాలూ పనికిరావు. ఉదాహరణకి నిశ్చల స్థితి నుంచి బయల్దేరిన వస్తువు త్వరణం 6 × కాలం అనుకోండి. 2 సెకన్ల తర్వాత త్వరణం 12. 12 × 2 = 24 అని వేగం రాస్తే తప్పు. సమాకలనం చేస్తే వేగం 3 × కాలం వర్గం, అంటే 12 మీ/సె. 'సగటు త్వరణం 6 తీసుకుంటే 12 వస్తుందిగా' అనిపించవచ్చు. వేగానికి వస్తుంది. దూరానికి అదే సగటు వాడితే 12 మీటర్లు వస్తుంది, అసలు జవాబు 8. బలం కాలంతో మారితే కాలం మీద, స్థానంతో మారితే స్థానం మీద సమాకలనం చేయాలి. స్థానంతో మారేటప్పుడు త్వరణాన్ని వేగం × (స్థానంతో వేగం మారే రేటు) అని రాసుకోవాలి. ఏది దేనితో మారుతోందో లెక్క మొదట్లోనే ఒక పంక్తి రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

స్క్రూగేజ్:

పై వాళ్లు వదిలేసినవి కొన్ని చెబుతాను తమ్ముడూ.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ప్రతిసారీ చూసుకో. సైన్ 30 కొట్టి 0.5 వస్తే సరే, −0.988 వస్తే రేడియన్లలో ఉన్నట్టు. నిమిషానికి 300 చుట్లు అని ఇస్తే అలాగే పెట్టేయకు, సెకనుకి 31.4 రేడియన్లు అని మార్చు.

కప్పీకి ద్రవ్యరాశి ఇచ్చారంటే తాడు రెండు వైపులా తన్యత వేరు. 3, 2 కిలోలు వేలాడుతూ 2 కిలోల డిస్క్ కప్పీ ఉంటే త్వరణం 9.8 ÷ 6 = 1.63. ఆ 6 ఎలా వచ్చింది? 3 + 2 + కప్పీలో సగం. తన్యతలు 24.5, 22.87. తేడా 1.63 న్యూటన్లు, కప్పీని తిప్పుతున్నది ఆ తేడానే. రెండూ సమానమైతే కప్పీ తిరుగుడు వేగం పెరగదు.

ల్యాబ్‌లో టార్షనల్ పెండ్యులం (తీగకి వేలాడుతూ అటూ ఇటూ మెలితిరిగే డిస్క్) వస్తే ఇదే డిస్క్ జడత్వ భ్రామకం మళ్లీ కనిపిస్తుంది. అక్కడ దృఢతా గుణకం (తీగ మెలిపెట్టడాన్ని ఎంత ఎదిరిస్తుందో చెప్పేది) లెక్కలో తీగ వ్యాసార్థం నాలుగో ఘాతంలో ఉంటుంది. తీగ వ్యాసం 1 మి.మీ., స్క్రూ గేజ్ లీస్ట్ కౌంట్ (కొలవగలిగే అతి చిన్న విలువ) 0.01 మి.మీ. అయితే ఆ 1 శాతం తేడా జవాబులో 4 శాతం అవుతుంది. డోలనాలు 20 లెక్కపెట్టి స్టాప్‌వాచ్‌తో కుస్తీ పడతారు గానీ, తప్పు వచ్చేది తీగ దగ్గరే. జీరో ఎర్రర్ ముందే రాసుకో. నాలుగైదు చోట్ల, ఒక్కోచోట ఒకదానికొకటి లంబంగా రెండు దిశల్లో కొలిచి సగటు తీసుకో. రాట్చెట్ తిప్పే బిగించు, థింబుల్ పట్టుకుని బిగిస్తే తీగ నొక్కుకుపోతుంది.

మెకానికల్_ఫస్టియర్:

అందరికీ చాలా థాంక్స్. మ్యూ × ఎన్ విషయం ఇప్పుడు బోధపడింది. కాగితం కప్పి పలుచని రింగ్‌తో చేశాను. అదే 3 కిలోలు, 10 సెం.మీ., 30 డిగ్రీలు. స్థైతిక గుణకం 0.25, గతిక గుణకం 0.2 అని ఇచ్చారు. రింగ్‌కి జడత్వ భ్రామకం ద్రవ్యరాశి × వ్యాసార్థం వర్గం కాబట్టి ఘర్షణ = 3 × త్వరణం. 14.7 = 6 × త్వరణం. త్వరణం 2.45, ఘర్షణ 7.35. ఇది సరేనా?

నల్లబల్ల:

సమీకరణాలు చక్కగా రాశారు, చివరి మెట్టు ఒకటి మిగిలింది. ఘర్షణ 7.35 కావాలి. దొరకగలిగింది 0.25 × 25.46 = 6.37 మాత్రమే. సరిపోదు, రింగ్ జారుతుంది. రెండు గుణకాలు ఎందుకిచ్చారో ఇప్పుడు చూడండి.

ప్రశ్నలో 'జారకుండా' అన్న మాట ఉందేమో మళ్లీ చదవండి. లేకపోతే ఆ షరతుని కొట్టేయాలి, దాని బదులు ఘర్షణ = 0.2 × 25.46 = 5.09 న్యూటన్లు. త్వరణం (14.7 − 5.09) ÷ 3 = 3.20. కోణీయ త్వరణం 5.09 ÷ (3 × 0.1) = 17 రేడియన్/సె², వ్యాసార్థంతో గుణిస్తే 1.70. ఈ రెండూ సమానం కావు, కానక్కర్లేదు కూడా. కేంద్రం వేగం ఎక్కువ, అంటే అడుగు బిందువు కిందికి జారుతోంది. ఘర్షణ పైకి, మీ బొమ్మ ప్రకారమే. ఈసారి పొసిగింది.

ఇక్కడ చక్రం_తిప్పు గారు చెప్పిన శక్తి నిత్యత్వం వాడకండి. 2 మీటర్లు దిగేసరికి ఎంత వేడిగా పోయిందో కట్టి ఇక్కడ పెట్టండి. ఘర్షణ × 2 మీటర్లు కాదు సుమా, ఘర్షణ × అడుగు బిందువు జారిన దూరం.

మెకానికల్_ఫస్టియర్:

ప్రశ్నలో 'జారకుండా' అని లేదు, 'విడుదల చేశారు' అని మాత్రమే ఉంది. 2 మీటర్లు దిగడానికి 1.12 సెకన్లు. జారుడు త్వరణం 3.20 − 1.70 = 1.50, జారిన దూరం 0.94 మీటర్లు. వేడి 5.09 × 0.94 = 4.8 జౌళ్లు. రేఖీయ గతిశక్తి 19.2, భ్రమణ గతిశక్తి 5.4 వచ్చాయి. మూడూ కలిపితే 29.4.

నల్లబల్ల:

సరిగ్గా వచ్చింది. ఇప్పుడు ఇదే రింగ్‌కి వాలు ఎంత కోణం దాటితే జారడం మొదలవుతుందో అక్షరాలతో రాబట్టండి. టాన్ థీటా = 2 × మ్యూ రావాలి.